బొలెరో పికప్‌కి 15డబ్ల్యూ-40 ఆయిల్: చింతపల్లి ఘాట్ రోడ్డు మీద మూడేళ్లు వాడి చూశాక

పొద్దున్నే సెల్ఫ్ కొట్టాక డ్యాష్‌బోర్డు మీద ఎర్రగా వెలిగే ఆయిల్ లైటు ఎంతసేపటికి ఆరుతుందో లెక్కపెట్టడం నాకు అలవాటైపోయి మూడేళ్లు దాటింది. ఈ రివ్యూ ఆ లెక్కలోంచి పుట్టిందే. ఇప్పుడు వాడుతున్నది షెల్ రిములా ఆర్4 ఎక్స్, చిక్కదనం గ్రేడు 15డబ్ల్యూ-40, నాణ్యత స్థాయి ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంస్థ) సీఐ-4. మంచి ఆయిల్. మళ్లీ అదే కొంటాను. కానీ ఈ బ్రాండు కంటే డబ్బా మీద ఉన్న ఆ నంబరు గురించి చెప్పాల్సింది చాలా ఉంది, ఎందుకంటే నాకు నష్టం జరిగింది ఆ నంబరు దగ్గరే.

మాది అనకాపల్లి. బండి 2018 బొలెరో పికప్, బీఎస్-4 (అప్పటి కాలుష్య నియమాల స్థాయి), 2523 సీసీ డీజిల్. ఎక్కువగా నర్సీపట్నం, డౌనూరు, లంబసింగి మీదుగా చింతపల్లి ట్రిప్పులే. ఎక్కేటప్పుడు కిరాణా సరుకులు, సిమెంటు, అప్పుడప్పుడు ఇనుప చువ్వలు. దిగేటప్పుడు పసుపు, రాజ్మా, మిరియాలు, కాలాన్నిబట్టి కూరగాయలు. బెల్లం సీజన్లో మార్కెట్ యార్డు నుంచి దిమ్మల లోడు కూడా తగులుతుంది. మధ్యాహ్నం కింద ఉక్కపోతలో లోడు ఎత్తుకుని, రాత్రికి కొండ మీద మంచులో పడుకునే బండి ఇది. ఒక్కసారి ఇంజిన్ పని తగిలిందంటే బండి షెడ్డులో, మేం ఇంట్లో, కిస్తీ మాత్రం ఆగదు. అందుకే ఆయిల్ విషయంలో ఎవరేం చెప్పినా ఇప్పుడు ఊరికే తలూపను.

ఒకప్పుడు ఊపాను. కంపెనీ సర్వీసులు అయిపోయాక బయట షెడ్డుకి తీసుకెళ్లిన మొదటిసారి, ఏప్రిల్ నెల, మాన్యువల్లో 15డబ్ల్యూ-40 అని ఉందని నేను చెబితే మేస్త్రీ నవ్వి, "పుస్తకం రాసినోళ్లకి మన ఎండలేం తెలుసు బాబూ, కొండెక్కే లోడు బండికి చిక్కటి ఆయిలే పడాల, లేకపోతే బేరింగులు తినేస్తది" అన్నాడు. పాతికేళ్లుగా స్పానరు పట్టిన చెయ్యి, కాదనడానికి నేనెవరిని అనిపించింది. 20డబ్ల్యూ-50 పోశాడు. నిజం చెప్పాలంటే ఆ రోజు ఇంజిన్ శబ్దం కాస్త మెత్తబడింది కూడా, నేను సంతోషపడ్డాను. ఆగస్టులో మార్చినప్పుడు నేనే అడిగి మళ్లీ అదే పోయించుకున్నాను.

అసలు సంగతి డిసెంబరులో బయటపడింది. చింతపల్లిలో రాత్రి ఆగి, తెల్లారగట్ల ఐదింటికి బయల్దేరుదామని తాళం తిప్పితే సెల్ఫ్ ఎప్పటిలా గిర్రున తిరగలేదు, ఎవరో వెనక నుంచి పట్టుకుని లాగుతున్నట్టు బరువుగా, ఆగి ఆగి తిరిగింది. రెండోసారికి ఇంజిన్ అందుకుంది. ఆయిల్ లైటు ఆరలేదు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతున్నాను, పైన హెడ్డులో ట్యాపెట్లు రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు కొట్టుకుంటున్నాయి, ఎనిమిది దాకా లెక్కపెట్టాక లైటు ఆరింది, ఆ తర్వాత ఇంకాసేపటికి శబ్దం తగ్గింది. ఎనిమిది సెకన్లు చెప్పుకోవడానికి చిన్నవే. ఆ ఎనిమిది సెకన్లూ ఇంజిన్‌లోకి గాలి తోసే టర్బో షాఫ్టుకీ, వాల్వులు తెరిచే క్యామ్‌కీ సరిగ్గా ఆయిల్ అందలేదు. అప్పటికే ఆ చలికాలంలో అలాంటి పొద్దులు పదిహేనో ఇరవయ్యో అయిపోయి ఉంటాయి, నేను గమనించింది ఆ రోజే.

బానెట్ ఎత్తి గేజు పుల్ల లాగి చూశాను. మామూలుగా పుల్ల చివర చుక్క కట్టి టప్పున రాలుతుంది. ఆ రోజు పాకం ముదిరిన బెల్లంలా చివర వేలాడి, సాగి, రాలకుండా ఉండిపోయింది. పుల్లని అలాగే పట్టుకుని నిలబడి, రాలేదాకా చూశాను.

ఇంటికొచ్చాక ఈ నంబర్ల సంగతి పట్టుకుని కూర్చున్నాను. డబ్ల్యూ అంటే వింటర్, చలికాలం. దాని ముందున్న అంకె ఆయిల్ చల్లగా ఉన్నప్పుడు ఎలా కదులుతుందో చెప్పేది, వెనకున్న అంకె ఇంజిన్ బాగా కాగాక ఎంత చిక్కగా నిలబడుతుందో చెప్పేది. ఎస్ఏఈ అనే ఇంజినీర్ల సంస్థ పెట్టిన కొలతల ప్రకారం 15డబ్ల్యూ అనిపించుకోవాలంటే మైనస్ 20 డిగ్రీల దగ్గర కూడా ఇంజిన్ తిరగగలిగేంత పల్చగా ఉండాలి, 20డబ్ల్యూ అయితే మైనస్ 15 దగ్గర. ఇది చదివి మొదట నాకూ డౌటు వచ్చింది: లంబసింగిలో ఎంత చలేసినా సున్నా దగ్గరే కదా, రెండూ సరిపోవాలిగా అని. బండి స్టార్ట్ అవ్వడానికైతే రెండూ సరిపోతాయి. నా బండీ స్టార్ట్ అయింది కదా. కానీ స్టార్ట్ అవ్వడం ఒకటి, ఆయిల్ పంపు నుంచి ఫిల్టరు దాటి పైదాకా అందడానికి పట్టే టైము ఇంకొకటి.

వెనక అంకె సంగతి చూద్దాం. 100 డిగ్రీల దగ్గర 40 గ్రేడు ఆయిల్ చిక్కదనం 12.5 నుంచి 16.3 సెంటీస్టోకుల (చిక్కదనం కొలిచే యూనిట్) లోపు ఉండాలి, 50 గ్రేడుది 16.3 నుంచి 21.9 లోపు. నేను వాడే 15డబ్ల్యూ-40 సుమారు 14న్నర ఉంటుంది, మామూలు 20డబ్ల్యూ-50 పద్దెనిమిది, పద్దెనిమిదిన్నర దగ్గర ఉంటుంది. అంటే ఇంజిన్ కాగి ఉన్నప్పుడు 20డబ్ల్యూ-50 ఇచ్చే అదనపు చిక్కదనం పావు వంతు. అదే ఆయిళ్లని సున్నా డిగ్రీలకి లెక్కవేస్తే ఒకటి 1300 దగ్గర, ఇంకొకటి 2300 దగ్గర తేలుతున్నాయి, దాదాపు రెండింతలు! వేడిలో పావు వంతు లాభం కోసం చలిలో రెండింతలు బరువు నెత్తికెత్తుకున్నానన్నమాట. ఈ లెక్క ఆ ఏప్రిల్లోనే నాకు తెలిసి ఉంటే ఎంత బాగుండేది.

"మరి మన ఎండలో?" అని అందరూ అడిగేది ఇదే, నేనూ అడిగాను. రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల 45 డిగ్రీలు దాటితే మనకి రోడ్డు మీద నిలబడలేనట్టు ఉంటుంది నిజమే. ఇంజిన్ లోపల ఆయిల్ మాత్రం నూరు డిగ్రీల దగ్గర, లోడుతో ఘాట్ ఎక్కేటప్పుడు ఇంకా పైన తిరుగుతుంది, శీతాకాలమైనా సరే, ఎందుకంటే నీళ్ల వేడిని థర్మోస్టాట్ ఒక చోట పట్టి ఉంచుతుంది, రేడియేటరూ ఫ్యానూ బాగుంటే బయట ఓ పది డిగ్రీలు ఎక్కువైనా లోపల ఆ తేడా పెద్దగా కనబడదు. ఆయిల్‌ని కాల్చేది ఎండ కంటే ఎక్కువగా మన లోడు, మన గేరు. మూడో గేరులో ముక్కుతున్నా రెండుకి మార్చకుండా ఈడ్చే డ్రైవరుంటే ఏ చిక్కదనమూ కాపాడదు. 15డబ్ల్యూ-40 అనేది మన దేశంలో లారీలు, బస్సులు ఏళ్ల తరబడి వాడుతున్న గ్రేడు. దాన్ని చలి దేశాల ఆయిల్ అనుకోవడం పొరపాటు.

ఇంకో మాట, ఇది మేస్త్రీలు ఒప్పుకోరు గానీ చెప్పక తప్పదు. చిక్కటి ఆయిల్ పోస్తే ఆయిల్ ప్రెషర్ ఎక్కువ చూపిస్తుంది, దాన్ని చూసి ఇంజిన్ బలపడిందనుకుంటాం. చిక్కటి ద్రవాన్ని సన్నటి దారిలోంచి తోస్తే ప్రెషర్ పెరగదా మరి! ఎక్కువైన ప్రెషర్‌ని రిలీఫ్ వాల్వు తెరుచుకుని తగ్గించేస్తుంది, ఆ ఆయిల్ పైకి వెళ్లకుండానే వెనక్కి పోతుంది. ఫిల్టరు దగ్గర కూడా అంతే, చలిలో మరీ చిక్కబడితే బైపాస్ వాల్వు తెరుచుకుని వడకట్టని ఆయిల్ ఇంజిన్‌లోకి పోతుంది. అరిగిపోయిన పాత ఇంజిన్‌లో శబ్దం తగ్గడానికి, పొగ కాస్త అణగడానికి 20డబ్ల్యూ-50 కొన్నాళ్లు పనికొస్తుంది, అంతవరకూ మేస్త్రీ మాటలో నిజముంది. కానీ అరుగుదల దాని కింద అలాగే ఉంటుంది. నా బండికి అప్పటికి ఆ అవసరమే లేదు.

తర్వాత నేను రెండో వైపుకి తూలబోయాను. మా బావ కారుకి 5డబ్ల్యూ-30 వాడతాడు, "సింథటిక్ రా, ఖరీదైనదంటే మంచిదే కదా, మిగిలింది తీసుకెళ్లి పోయించు" అన్నాడు. ఈసారి ముందు చదివాను. వేడి బాగా ఎక్కి, బేరింగులో నలిగేటప్పుడు ఆయిల్ పొర ఎంత నిలబడుతుందో చూడ్డానికి 150 డిగ్రీల దగ్గర ఒక పరీక్ష ఉంది, హెచ్‌టీహెచ్‌ఎస్ అంటారు. 15డబ్ల్యూ-40కి కనీసం 3.7 ఉండాలి. 30 గ్రేడుకి 2.9 ఉన్నా చాలు, కొన్ని 5డబ్ల్యూ-30 ఆయిళ్లకి 3.5 దాకా ఉంటుంది, డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని మాత్రమే చూస్తే అది ఏదో తెలియదు. 5డబ్ల్యూ-30 కోసమే డిజైన్ చేసిన ఇంజిన్లకి అదే సరైనది, అందులో వంక లేదు. నా ఇంజిన్ క్లియరెన్సులు, నా పంపు, నా లోడు వేరు. మంచు మైనస్ ముప్పైకి పోయే దేశంలో ఉంటే ఆలోచించేవాణ్ణి, లంబసింగిలో ఆ అవసరం లేదు. బావకి అదే చెప్పాను, కాస్త నొచ్చుకున్నాడు గానీ తర్వాత తన డబ్బా వెనక కూడా చదవడం మొదలుపెట్టాడు.

ఇక ఈ రిములా ఆర్4 ఎక్స్ గురించి. జనవరిలో 20డబ్ల్యూ-50 మొత్తం వేడి మీద దింపేసి, ఫిల్టరు మార్చి ఇది పోశాను. వారం తర్వాత అదే చింతపల్లి, అదే ఐదు గంటలు, ఊపిరి వదిలితే పొగ కనబడే చలి. సెల్ఫ్ చక్కగా తిరిగింది. ఒకటి, రెండు, మూడు, లైటు ఆరిపోయింది. ట్యాపెట్ శబ్దం వచ్చింది, వచ్చినంత త్వరగా పోయింది. ఆ పొద్దు నాకు ఎంత హాయిగా అనిపించిందో మాటల్లో పెట్టలేను, బండి మీద బతికేవాళ్లకి తెలుస్తుంది. మైలేజీ 20డబ్ల్యూ-50 వాడినప్పుడు లీటరుకి అర కిలోమీటరు దాకా తగ్గినట్టు నా డైరీలో ఉంది, ఇది పోశాక అది తిరిగొచ్చింది. లోడూ రూటూ ప్రతి రోజూ ఒకేలా ఉండవు కాబట్టి ఆ అర కిలోమీటరు మీద నేను ఒట్టేయను.

మూడేళ్లలో ప్రతి 8 వేల కిలోమీటర్లకి మారుస్తున్నాను, కొండ, దుమ్ము, లోడు కాబట్టి గడువు సాగదీయను. మార్పుకీ మార్పుకీ మధ్య పైన పోయాల్సిన అవసరం ఒక్కసారే వచ్చింది, అదీ బెల్లం సీజన్లో రోజుకి రెండు ట్రిప్పులు తిరిగినప్పుడు అర లీటరు. ఆయిల్ మార్చిన వెయ్యి కిలోమీటర్లకే నల్లబడుతుంది, చూసి కంగారుపడొద్దు, డీజిల్ మసిని ముద్దకట్టనివ్వకుండా తనలో కలిపి ఉంచుకోవడమే దాని పని, నల్లబడకుండా తేనె రంగులోనే ఉంటే అప్పుడు అనుమానించాలి, మసి లోపలే అంటుకుంటోందేమోనని. నేను చూసేది రంగు కాదు. చుక్క తీసి చూపుడు వేలికీ బొటనవేలికీ మధ్య రాసి చూస్తాను, జారుతుందా, ఇసుకలా గరగరలాడుతుందా అని. డీజిల్ వాసన గుప్పున కొడితే ఇంజెక్టర్లు కారుతున్నట్టు, అప్పుడు ఆయిల్ పల్చబడి లెవెల్ పెరుగుతుంది. లెవెల్ పెరిగిందని సంబరపడకండి, వెంటనే చూపించండి.

గ్రేడు ఒక్కటే చూసి కొనేస్తే సగమే చూసినట్టు. 15డబ్ల్యూ-40 అని రాసి ఉన్న డబ్బాలు షాపులో నాలుగు రకాల ధరల్లో ఉంటాయి, తేడా అంతా ఏపీఐ పక్కన ఉన్న అక్షరాల్లో ఉంటుంది. సీ అంటే డీజిల్. సీఎఫ్-4 అనేది 1990 నాటిది, సీహెచ్-4 1998, సీఐ-4 2002, సీజే-4 2006, సీకే-4 2016 చివర్లో వచ్చింది. నా బండికి సీఐ-4 చక్కగా సరిపోతుంది. తక్కువకొస్తుందని సీఎఫ్-4 అంటగడితే తీసుకోకండి, టర్బో, ఈజీఆర్ (పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకే పంపే ఏర్పాటు) ఉన్న ఇంజిన్‌లో పడే మసికి అది చాలదు. సర్వో, హెచ్‌పీ మిల్సీ, క్యాస్ట్రాల్ సీఆర్‌బీ వీటన్నిటిలోనూ 15డబ్ల్యూ-40 దొరుకుతుంది, వెనక సీఐ-4 లేదా అంతకంటే పైది ఉంటే మీ ఊళ్లో నమ్మకంగా దొరికేది తీసుకోండి, షెల్లే కావాలని పట్టుబట్టాల్సిన పనిలేదు. నాకు నర్సీపట్నంలో ఎప్పుడూ దొరికేది ఇదే కాబట్టి ఇది వాడుతున్నాను.

బీఎస్-6 బండి ఉన్నవాళ్లు మాత్రం ఈ రివ్యూ చూసి ఇదే డబ్బా కొనొద్దు, దయచేసి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బళ్లలో సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) ఉంటే సీఐ-4 ఆయిల్‌లో ఉండే బూడిద దాన్ని మెల్లగా పూడ్చేస్తుంది, ఆ బూడిద కాల్చినా పోదు. మీకు బూడిద తక్కువుండే ఆయిల్ కావాలి, సీకే-4 గానీ మాన్యువల్ అడిగిన ఏసీఈఏ (యూరప్ బళ్ల కంపెనీల సంఘం) సీ రకం గానీ, గ్రేడు కూడా మాన్యువల్ చెప్పిందే. డీపీఎఫ్ ఖరీదు ఒక్కసారి షోరూంలో కనుక్కుంటే ఆయిల్ దగ్గర రెండొందలు మిగిల్చే ఆలోచన మళ్లీ రాదు. ఎఫ్ఏ-4 అని కొత్తగా కనబడే డబ్బా మన పాత ఇంజిన్లకి పనికిరాదు, అది ప్రత్యేకంగా పల్చటి ఆయిల్ అడిగే ఇంజిన్ల కోసం చేసింది. బైకుల 20డబ్ల్యూ-40 మిగిలిందని పికప్‌లో కలపడం కూడా చూశాను, అది క్లచ్ ఆయిల్‌లోనే మునిగి ఉండే బళ్ల కోసం తయారైనది, డీజిల్ మసి మోయడం దాని పని కాదు.

కొనేటప్పుడు బిల్లు తీసుకోండి. నాకు ఒకసారి రోడ్డు పక్క షాపులో, ఏ బ్రాండో ఇక్కడ అనవసరం, మూత రింగు ముందే తెగి అతికించినట్టున్న క్యాను చేతికిచ్చారు, మూత తీస్తే లోపల ఉండాల్సిన సీలు ముడతలు పడి ఓ పక్క లేచి ఉంది. వెనక్కిచ్చేశాను. రింగు, సీలు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, ఇవి నాలుగూ షాపులోనే వెలుతురులో చూడాలి, షెడ్డులో ఇంజిన్‌లో సగం పోశాక చూసి లాభం లేదు. ఆయిల్ మార్చేటప్పుడు నేను పక్కనే నిలబడతాను. "నమ్మకం లేదా అన్నయ్యా" అని షెడ్డు కుర్రాడు అడిగాడు, నమ్మకం ఉంది తమ్ముడూ, బండి నాది కాబట్టి చూస్తున్నానన్నాను. పాత ఆయిల్ వేడి మీద ఉండగా దింపి, చుక్క చుక్క పడేదాకా ఆగి, కొత్త ఫిల్టరులో కాస్త ఆయిల్ పోసి బిగించి, గేజు పుల్ల మీద పై గీతకి కొంచెం కిందకే ఆపిస్తాను. పై గీత దాటితే క్రాంకు ఆ ఆయిల్‌ని చిలికి నురగ చేస్తుంది. నురగ బేరింగుని కాపాడలేదు.

ఘాట్ ఎక్కి పైకి చేరాక ఇంజిన్ వెంటనే ఆపను. టర్బో నిమిషానికి లక్షకు పైగా తిరుగుతూ ఉంటుంది, ఆపేస్తే ఆయిల్ ఆగిపోతుంది, ఎర్రగా కాలిన షాఫ్టు మీద మిగిలిన ఆయిల్ మాడి గట్టిపడుతుంది. ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో వదిలి, లంబసింగిలో టీ కప్పు చేతికి వచ్చాక ఆపుతాను. పొద్దున్న స్టార్ట్ చేశాక కూడా లైటు ఆరగానే రేస్ చెయ్యను, అర నిమిషం ఆగి మెల్లగా కదిలిస్తాను.

ఖాళీ అయిన క్యానుని అక్కడికక్కడే బ్లేడుతో నిలువునా కోసేస్తాను. షెడ్డు కుర్రాడు మొదట్లో పాత సామాన్లవాడికి అమ్ముకుందామని అడిగేవాడు, అలా అమ్మిన ఖాళీ క్యాన్లలోనే పాత ఆయిల్ వడకట్టి నింపి మళ్లీ షాపుకి తెస్తారని చెప్పాక ఇప్పుడు బ్లేడు అతనే తెచ్చిస్తున్నాడు.